ఆడే మనిషి ఏమంటున్నాడు?

కంప్యూటర్ ఆట కింద ఉన్న పెట్టెలో నేను మొదటిసారి రాసిన మాటలు ఇవి: "మా ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో ఆడుతున్నాడు. చినుకులు మరీ తొందరగా పడుతున్నాయి. దయచేసి కొంచెం నెమ్మది చేయగలరా?" ముందు తెలుగులో రాసుకుని, ఫోనులో ఇంగ్లీషుకు మార్చుకుని, ఒక్కో అక్షరం చూసుకుంటూ టైపు చేశాను. పంపాక సిగ్గేసింది. ఎక్కడో ఏ దేశంలోనో ఎవరో సరదాకు చేసి పెట్టిన ఆట అది. మా ఇంటి గోడు వాళ్లకెందుకు? కానీ అప్పటికి నాలుగు నెలలుగా నేను బతిమాలని మనిషి లేడు. డాక్టర్లను, ఫిజియోథెరపీ చేసే అతన్ని, దేవుళ్లను, మా ఆయన్ని, అందరినీ బతిమాలడం అయిపోయాక నా ముందు మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

మాది వరంగల్. మా ఆయన మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. రంగుల దగ్గర ఆయన కన్ను గట్టిది. ఒకటే రంగు అని తెచ్చిన రెండు నూలు కండెల్లో ఏది ఒక చాయ తక్కువో చూడగానే చెప్పేవాడు. షెడ్డు యజమాని కొత్త నూలు వస్తే ముందు ఆయన్నే పిలిచేవాడు. నేను హనుమకొండలో ఒక ఆన్‌లైన్ సెంటర్లో కూర్చుంటాను. కులం సర్టిఫికెట్లు, హాల్ టికెట్లు, పరీక్షల దరఖాస్తులు నింపుతాను. మాకు పిల్లలు లేరు. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. పొద్దున ఇద్దరం రెండు టిఫిన్ డబ్బాలు కట్టుకుని బయలుదేరేవాళ్లం, సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్లు చాయ్ పెట్టేవాళ్లం. అంతే మా సంసారం.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున ఆయన మంచం మీద కూర్చుని, "తల తిరుగుతాంది, ఇయ్యాల నువ్వు ఇంట్లనే ఉండరాదా" అన్నాడు. ఆ రోజు ఏదో ఉద్యోగాల దరఖాస్తుకు ఆఖరి తేదీ. సెంటర్ ముందు అప్పటికే జనం నిలబడి ఉంటారని నాకు తెలుసు. మాత్ర ఇచ్చి, పడుకొమ్మని చెప్పి వెళ్లిపోయాను. ఆయన పడుకోలేదు, షెడ్డుకు పోయాడు. పదకొండు గంటలకు ఫోను వచ్చింది. మగ్గాల మధ్య పడిపోయాడని చెప్పారు.

ఒక ప్రైవేటు దవాఖానలో పన్నెండు రోజులున్నాం. ఇంటికి వచ్చేటప్పటికి ఆయన పట్టుకుంటే నడుస్తున్నాడు. కుడిచెయ్యి మాత్రం లేవడం లేదు. మాట పోయింది. ఒక్క మాట మిగిలింది: "ఆగు." నీళ్లు కావాలన్నా ఆగు, నొప్పి పుట్టినా ఆగు, మూత్రానికి వెళ్లాలన్నా ఆగు. నన్ను చూసి ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఆ పొద్దున గుర్తొచ్చేది. ఉండమన్నాడు, ఉండలేదు. ఇప్పుడు ఆగు అంటున్నాడు. నేను ఆ మాటను అలాగే విన్నాను.

ఆ నాలుగు నెలలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఆయన ఎప్పుడూ గోడ వైపే చూసేవాడు. మంచం ఎడమ పక్క గోడ, కుడి పక్క నేను కూర్చునే పీట. నేను పీట మీద కూర్చుని మాట్లాడుతుంటే ఆయన తల ఇటు తిరిగేది కాదు. అన్నం పెడితే పళ్లెంలో సగం తిని, మిగతా సగం ముట్టకుండా చెయ్యి కడిగేసుకునేవాడు. రోజూ అంతే, కత్తితో కోసినట్టు సగం. నడిపిస్తుంటే గడపకు భుజం కొట్టుకునేవాడు. నేను అటు పోవద్దు అన్నా వినకుండా కావాలనే కొట్టుకున్నట్టు ఉండేది. మా వదిన, అంటే ఆయన అక్క, ధర్మసాగర్ నుంచి వారానికోసారి వచ్చేది. ఆమె వస్తే గోడ వైపున మంచం మీదే ఎక్కి కూర్చునేది. ఆమెను చూసి ఆయన కళ్లు మెరిసేవి, ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకునేవాడు. నేను వంటింటి గడపలో నిలబడి చూసేదాన్ని.

"నీ మీద కోపం తోటున్నడే వాడు," అంది వదిన ఒకసారి. "ఉండుమంటె ఉండకపోతివి గద."

ఆ మాట ఆమె కడుపులో కక్ష పెట్టుకుని అనలేదు, తమ్ముడి మీది బాధతో అంది. కానీ అది నా లోపల ఉన్న మాటే. బయటి నుంచి వినేసరికి అది నిజమైపోయింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను ఆయన్ని కొట్టాను. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పప్పు, బెండకాయ కూర చేశాను. ఆయనకు బెండకాయ ఇష్టం. పళ్లెంలో అన్నం, పప్పు ఒక పక్క, కూర ఒక పక్క పెట్టాను. పప్పన్నం తిన్నాడు. కూర వేలితో కూడా తాకలేదు. తినమని చెప్పాను, బతిమాలాను, ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. ఉలిక్కిపడి నా చెయ్యి తోసేశాడు. కూర చాప మీద పడింది. నేను ఆయన భుజం మీద రెండు దెబ్బలు వేశాను. "ఎందుకు గిట్ల సతాయిస్తానవ్, సచ్చిపోవాల్నా నేను?" అని అరిచాను. ఆయన నా చేతిని ఎక్కడి నుంచి వచ్చిందా అన్నట్టు వెతుక్కుంటూ చూశాడు. "ఆగు," అన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి. తర్వాత గోడ వైపు తిరిగాడు.

ఫిజియోథెరపీ చేసే అతను ఇచ్చిన రబ్బరు బంతిని ఆయన పట్టుకోడు. రంగు పూసల పలక కొన్నాను, చూడడు. టీవీ పెడితే కళ్లు మూసుకుంటాడు. మెదడుకు పని పెట్టకపోతే ఉన్నది కూడా పోతుందమ్మా అని డాక్టరు చెప్పాడు. ఏ పని పెట్టాలో చెప్పలేదు.

సెంటర్లో సర్వర్ ఆగిపోయినప్పుడు నేను చిన్న చిన్న ఆటలు ఆడుకునేదాన్ని. కంప్యూటర్‌లోకి దించుకోనక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు, బ్రౌజర్‌లో పేజీ తెరిస్తే ఆటే వస్తుంది. పెద్ద కంపెనీల ఆటలు కావు అవి. ఒక్కో మనిషి ఇంట్లో కూర్చుని చేసుకుని, ఆడి చూడండి, ఎలా ఉందో చెప్పండి అని పెట్టుకునే ఆటలు. ప్రతి ఆట కింద ఒక పెట్టె ఉంటుంది, అందులో ఆడినవాళ్లు రాస్తారు. నేను ఎప్పుడూ రాయలేదు. నాకు నచ్చిన ఆట ఒకటి ఉండేది. వాన కురుస్తున్న ఒక పాత ఇల్లు, కప్పు కారుతుంటుంది. కింద ఒక గిన్నె. చినుకు ఎక్కడ పడుతుందో చూసి బాణం మీటలతో గిన్నెను అటూ ఇటూ జరపాలి. తప్పిపోతే ఆ చోట నేల మీద తడి మడుగవుతుంది. మడుగులు ఎక్కువైతే ఇంట్లో ఉన్న పిల్లి మంచం ఎక్కి కూర్చుని మనవైపు గుర్రుగా చూస్తుంది. దానికి కావాల్సింది రెండు మీటలే. ఒక చెయ్యి చాలు.

సెంటర్ ఓనరు నాకంటే చిన్నవాడు, అన్నా అనే పిలుస్తాను, అతను నన్ను అక్కా అంటాడు. మూలన పడి ఉన్న పాత లాప్‌టాప్ అడిగాను. మడతపెట్టే చోట విరిగి, గోడకు ఆనించకపోతే నిలబడని లాప్‌టాప్ అది. "తీస్కపో అక్కా, పని జేస్తె నీ అదృష్టం," అన్నాడు. మర్నాడు సాయంత్రం ఫోను నుంచి నెట్ ఇచ్చి, ఆయన ముందు పీట మీద గోడకు ఆనించి పెట్టి ఆట తెరిచాను. ఆయన ఎడమ చేతి వేళ్లను మీటల మీద పెట్టి ఒకసారి నొక్కించాను. గిన్నె జరిగింది.

ఆయన దాన్ని చూశాడు. నాలుగు నెలల తర్వాత ఆయన ఒక వస్తువును చూడాలని చూడడం అదే మొదటిసారి. మళ్లీ నొక్కాడు. ఒక చినుకు గిన్నెలో పడి టంగుమంది. నేను పక్కన కూర్చున్నాను. అరనిమిషం కాకముందే ఇల్లంతా నీళ్లయిపోయి ఆట ముగిసింది. మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. ఐదోసారి లాప్‌టాప్‌ను మోచేత్తో తోసేశాడు. అప్పుడే నేను ఆ పెట్టెలో రాశాను.

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు నా మాటల కింద రాశారు. ఈ ఆట ఇప్పటికే పిల్లలాట, ఇంకా నెమ్మది చేస్తే నిద్రొస్తుందని ఒకరు. గెలవలేకపోతే వేరేది ఆడుకోమని ఇంకొకరు. సెంటర్లో కూర్చుని అవి చదివి, ముఖం కడుక్కునే నెపంతో వెనక్కి వెళ్లి ఏడ్చాను. మా ఆయనకు చేతకాదని ముక్కూ మొహం తెలియని వాళ్లు అన్నారన్న బాధ కంటే, రాసి ఉండకూడదన్న బాధే ఎక్కువ.

నాలుగో రోజు ఆట చేసిన మనిషి రాశారు. మగో ఆడో నాకు చివరిదాకా తెలియలేదు. పేజీలో పేరు ఉండాల్సిన చోట ఒక కప్ప బొమ్మ ఉండేది. వేగం తగ్గించుకునే బొత్తాం ఒకటి పెట్టానని, ఇంత ఆలస్యమైనందుకు మన్నించమని రాశారు. చివర ఒక ప్రశ్న ఉంది. "మీరు చెప్పింది అర్థమైంది. ఆడే మనిషి ఏమంటున్నాడు?"

ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో. దవాఖానలో అందరూ నన్ను అడిగారు. తింటున్నాడా, నిద్రపోతున్నాడా, మలవిసర్జన అయిందా. ఆయన ఎదురుగా ఉండగానే ఆయన గురించి నన్ను అడిగారు, నేనూ చెప్పాను. ఆయన ఏమంటున్నాడని ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. ఆయనకు మాట రాదు, ఒక్క మాటే వస్తుంది, ఏమంటున్నాడో నాకు తెలియదని రాశాను. దానికి జవాబు అదే రోజు వచ్చింది. అయితే పక్కన కూర్చుని చూడండి, ఎక్కడ విసుక్కుంటున్నాడో, ఎక్కడ ఆగుతున్నాడో అది నాకు చెప్పండి, అదే ఆయన మాట అనుకుంటాను అని.

అలా చూడడం మొదలుపెట్టాను. అప్పటిదాకా పక్కన కూర్చుని అటు జరుపు, ఇటు జరుపు అని చెబుతూనే ఉన్నాను. ఇప్పుడు నోరు మూసుకున్నాను. వేగం తగ్గించినా ఆయన ఓడిపోతూనే ఉన్నాడు. కానీ ఓడిపోయే తీరు వింతగా ఉంది. కొన్ని చినుకులు చాలా బాగా పట్టేవాడు, వేళ్లు తడబడేవి కావు. ఉన్నట్టుండి పిల్లి మంచం ఎక్కేది. అప్పుడు ఆయన ముఖంలో కోపం కంటే ముందు ఆశ్చర్యం వచ్చేది. ఈ నీళ్లు ఎక్కడివి అన్నట్టు కప్పు వైపు చూసేవాడు, పిల్లిని చూసేవాడు, నన్ను వెతికేవాడు. "ఆగు, ఆగు," అనేవాడు. ఇదంతా నాకు వచ్చినట్టు రాశాను. మాటల్లో సరిగ్గా చెప్పలేనేమోనని, ఆట ముగిసినప్పటి తెరను ఫోనుతో మూడుసార్లు ఫొటో తీసి అవి కూడా పంపాను. నెమ్మది చేసినా ఇలాగే అవుతోంది, ఇంకొంచెం నెమ్మది చేయగలరా అని అడిగాను.

జవాబు ఈసారి చాలా చిన్నది. "మూడు ఫొటోల్లోనూ నీళ్లన్నీ కుడివైపే ఉన్నాయి. ఎడమవైపు నేల పొడిగా ఉంది. ఆయనకు ఆ వైపు కనిపిస్తోందా?"

అది మధ్యాహ్నం రెండు గంటలకు చదివాను. ఎదురుగా ఒక ముసలాయన ఆధార్ కార్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫొటోలు మళ్లీ తెరిచాను. తీసింది నేనే, పంపింది నేనే. మధ్యలో గీత గీసినట్టు ఒక సగం పొడి, ఒక సగం నీళ్లు. నాలుగు నెలలుగా రోజూ రెండు పూటలా నేను ఎత్తి కడిగిన పళ్లెం అలాగే ఉండేది.

ఓనరుకు చెప్పి వెంటనే బయలుదేరాను. నేను సెంటర్లో ఉన్నంతసేపు పక్కింటి పెద్దమ్మ ఆయనకు కాపలా ఉండేది. పొద్దుటి అన్నం పెట్టానని, సగం వదిలేశాడని చెప్పింది. ఆ పళ్లెం ఇంకా మూత పెట్టి అక్కడే ఉంది. నేను చెప్పులు కూడా విడవలేదు. పళ్లెం తీసుకుని ఆయన ముందు పెట్టాను, ఎలా వదిలాడో అలాగే. ఆయన చూశాడు, ఖాళీ పళ్లెం చూసినట్టు చూశాడు. అప్పుడు పళ్లాన్ని రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పాను. కుడిపక్క ఉన్న అన్నం ఎడమపక్కకు వచ్చింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. అన్నాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ అన్నాన్ని చూశాడు. చల్లారిపోయిన ఆ అన్నాన్ని ఎడమ చేత్తో మెతుకు మిగలకుండా తిన్నాడు. ఆకలిగా తిన్నాడు. నేను ఆయన కుడిపక్కన కూర్చుని ఏడుస్తున్నాను, ఆయనకు కనిపించడం లేదు. ఏడుపు వినిపించి తల ఎత్తి ఎడమవైపు వెతికాడు. అక్కడ గోడ ఉంది.

పెద్దమ్మ భయపడిపోయింది. "ఏమైంది బిడ్డా, దవాఖానకు పోదామా?" అని నా భుజం పట్టుకుంది.

"నాలుగు నెలలు సగం కడుపుకే పెట్టిన పెద్దమ్మా," అన్నాను.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఎదురుగా కూర్చుని, తన ముక్కు వైపు చూడమని చెప్పి, రెండు పక్కల నుంచి వేళ్లు ఆడిస్తూ వచ్చాడు. ఎడమవైపు వేలు కదలగానే మా ఆయన కళ్లు ఆడాయి. కుడివైపు వేలు ముక్కు దాకా వచ్చినా ఏమీ లేదు. కళ్లు మంచివేనమ్మా, చూపును అర్థం చేసుకునే మెదడు భాగం దెబ్బతింది, రెండు కళ్లకూ కుడి సగం కనిపించదు అన్నాడు. డిశ్చార్జి కాగితాలు తిరగేసి, రెండో పేజీలో ఒక వాక్యం చూపించాడు. "రాసే ఉంది కదమ్మా, మీకెవ్వరు చెప్పలేదా?" అని అడిగాడు. పరుషంగా అడగలేదు. రోజంతా ఇతరుల కాగితాలు చదివి నింపే దాన్ని నేను. ఆ కాగితాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి బీరువా మీద పెట్టాను. ఇంగ్లీషులో ఉన్నాయని, డాక్టర్లకు సంబంధించినవని అనుకున్నాను.

తిరిగి వస్తుందా అని అడిగాను. మొదటి మూడు నెలల్లో వచ్చేది ఎక్కువ, ఇప్పుడు పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, తల తిప్పి చూడడం అలవాటు చేయమన్నాడు. మొదటి మూడు నెలలు అన్న మాట దగ్గర నా చెవులు మూసుకుపోయాయి. ఆ మూడు నెలలు నేను ఆయన మీద అలిగి ఉన్నాను. ఆయన నా మీద అలిగాడని నమ్మి ఉన్నాను.

ఆటోలో వస్తుంటే ఆయనకు ఎడమవైపు కూర్చున్నాను. ఆయన నన్ను చూస్తూనే ఉన్నాడు. నాలుగు నెలలు ఊరికి పోయి వచ్చిన మనిషిని చూసినట్టు. ఎడమ చేత్తో నా ముంజేయి పట్టుకున్నాడు. కొట్టినందుకు క్షమించమని అడగాలనుకున్నాను. డ్రైవరు వింటాడని ఊరుకున్నాను. ఇంటికి పోయాక కూడా అడగలేదు.

కప్ప బొమ్మ మనిషికి జరిగిందంతా రాశాను. వారం తర్వాత ఆట మారింది. తెర కుడి అంచున పై నుంచి కింది దాకా ఒక ఎర్రగీత. ఆ గీత కనిపించేదాకా తల తిప్పమని ఆయనకు చెప్పండి, గీత కనిపించిందంటే ఇల్లంతా కనిపించినట్టే అని రాశారు. నేను సంతోషంతో లాప్‌టాప్ ముందు పెట్టాను. ఆయన గడ్డం పట్టుకుని కుడివైపు తిప్పాను. ఆయన గీతను చూశాడు. ముఖం చిట్లించాడు.

"వద్దు," అన్నాడు.

నేను సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. "ఏందీ?" అన్నాను.

ఎడమ చేత్తో ఆ గీతను తుడిచేస్తున్నట్టు తెర మీద రుద్దాడు. "వద్దు. వద్దు."

ఆగు కాకుండా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఆ మాటను అలాగే పంపాను. "ఆడే మనిషి వద్దు అంటున్నాడు." కప్ప బొమ్మ మనిషి కారణం అడగలేదు. అయితే ఏ రంగు కావాలో అడగండి అని మాత్రం రాశారు. నాకు అప్పటిదాకా తోచలేదు, ఆయన కాదన్నది గీతను కాదు, ఆ రంగునని. షెడ్డుకు వెళ్లి అడిగితే యజమాని ఒక్కో రంగులో కొంచెం మిగులు నూలు ఇచ్చాడు. చాప మీద ఆయనకు ఎడమవైపున వరసగా పెట్టాను. చాలాసేపు ఒక్కోటీ వెలుతురు వైపు ఎత్తి చూశాడు, పనిలో ఉన్నప్పుడు చూసినట్టే. ఆఖరికి పచ్చి పసుపు రంగు నూలు తీసి నా ఒళ్లో పడేశాడు. ఫొటో తీసి పంపాను. రెండు రోజుల్లో గీత పసుపయింది.

ఆ తర్వాత ఆయన రోజూ ఆడాడు. సాయంత్రం నేను వచ్చేసరికి పీట వైపు చూపించేవాడు. తల తిప్పడం మొదట నేను గడ్డం పట్టుకుంటేనే, తర్వాత చెబితే, ఆ తర్వాత చాలాసార్లు తనంతట తానే. మరిచిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో ఇల్లంతా నీళ్లయి, ఆయన మీటల మీద పిడికిలితో గుద్దేవాడు. పళ్లెం కుడి అంచుకు పసుపు రంగు నెయిల్ పాలిష్‌తో గీత పెట్టాను. గడపకు పసుపు రాశాను. మాటలు ఒకటీ అరా వచ్చాయి. నీళ్లు, చాయ్, పో, పిల్లి.

వదినకు ఇదంతా నచ్చలేదు. ఏడాది తిరిగేసరికి తమ్ముడు మళ్లీ మగ్గం దగ్గర నిలబడతాడని ఆమె అనుకుంది. వచ్చినప్పుడల్లా ఆయన పిల్లిబొమ్మ ముందు కూర్చుని ఉండేవాడు. ఒకరోజు ఆమె అంది: "నలభై ఆరేండ్ల మొగోన్ని చిన్నపోరన్ని జేసినవ్. మా ఇంటికి తోల్కపోత. అక్కడ మనుషులన్న ఉంటరు." చూపు సంగతి చెప్పి, ఆమె చెయ్యి పట్టి ఆయన కుడివైపు నుంచి తీసుకొచ్చి చూపించాను. ఆమె పక్కనే ఉన్నా ఆయనకు కనిపించలేదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తీసుకుపోతానని మళ్లీ అనలేదు. కానీ రావడం తగ్గించింది. చూడలేకపోతున్నానని ఫోనులో చెప్పింది. ఆమెను తప్పు పట్టలేను, నాకు కూడా చూడలేని రోజులుంటాయి, వెళ్లడానికి ఇంకో ఇల్లు లేదంతే.

ఎండాకాలం మొదట్లో కప్ప బొమ్మ మనిషి ఆట పేజీలో అందరికీ కలిపి ఒక మాట రాశారు. ఇక ఆటలు చేయడం మానేస్తున్నానని, ఉద్యోగం దొరికిందని, ఈ ఆటలన్నీ పెట్టిన చోటు కూడా త్వరలో మూసేస్తున్నారని, ఆడినవాళ్లకు కృతజ్ఞతలని. ఆ ఆటను చివరి నెలల్లో ఆడింది మేం కాక ఇంకెవరైనా ఉన్నారో లేదో. నేను వెంటనే రాశాను. ఆయనకు ఇది తప్ప వేరే లేదు, దయచేసి తీసేయవద్దు, ఏం చేయమంటే అది చేస్తాను అని. పంపాక మొదటి రోజు కలిగిన సిగ్గే మళ్లీ కలిగింది, అయినా ఇంకోసారి రాశాను, మూడోసారి రాశాను. పేజీ ఉన్నన్నాళ్లూ జవాబు కనిపించలేదు, ఆ తర్వాత వచ్చిందో లేదో నాకు తెలియదు. సెంటర్ ఓనరు ఆటను లాప్‌టాప్‌లోకి దించిపెట్టడానికి ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాడు. "పేజీ వస్తాంది గని ఆట వస్తలేదు అక్కా," అన్నాడు. తర్వాతి వారం తెరిస్తే తెల్లటి తెర.

ఆయన తెల్లటి తెర ముందు కూర్చుని మీటలు నొక్కాడు. కుడివైపు తల తిప్పి గీత కోసం చూశాడు. మళ్లీ నొక్కాడు. లాప్‌టాప్ మూసేయబోతే నా చెయ్యి పట్టుకుని, "ఆగు," అన్నాడు. ఈసారి ఆ మాటకు అర్థం ఆగమనే. అలా గంటసేపు కూర్చున్నాం. నాలుగైదు రోజులు తిండి సరిగ్గా తినలేదు. వేరే ఆటలు వెతికాను. కనిపించిన ప్రతి చిన్న ఆట కిందా రాశాను: ఎడమ చెయ్యి ఒక్కటే ఉన్నవాళ్లకు, సగం చూపు ఉన్నవాళ్లకు ఈ ఆట ఎలా ఉంటుందో. కొందరు మంచిగా జవాబిచ్చారు, ఎక్కువమంది ఇవ్వలేదు. ఆయన వాటిని ఒక్క చూపు చూసి తల తిప్పేసుకున్నాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు.

మొన్న వానలకు ముందు ఒక సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన ఇంట్లో లేడు. పెద్దమ్మ కునుకు తీసినప్పుడు తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. వీధి వీధి వెతికాను, షెడ్డు వైపు పరుగెత్తాను. షెడ్డుకు పోయే దారిలో పెద్దరోడ్డు దాటాలి. ఆ రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. లారీలు, ఆటోలు, మార్కెట్ నుంచి మిరప బస్తాలతో వస్తున్న ట్రాలీలు పోతున్నాయి. ఆయన తల కుడివైపు తిప్పుతున్నాడు, ఎడమవైపు తిప్పుతున్నాడు, మళ్లీ కుడివైపు. ఒక అడుగు ముందుకు వేసి, వెనక్కి తీసుకుంటున్నాడు. చొక్కా వెనుక అంతా చెమట. అక్కడి పాన్ డబ్బా అతను, గంట నుంచి గట్లనే నిలబడ్డడు, పిలిస్తె పలుకుతలేడు అని చెప్పాడు.

నేను వెళ్లి ఎడమవైపు నిలబడ్డాను. నన్ను చూశాడు. పెదవులు చాలాసేపు కదిలాయి. నేను మాట అందించలేదు.

"భయ... భయమైతాంది," అన్నాడు.

ఆయన తన లోపల ఉన్నది నాతో చెప్పడం ఆ పొద్దున తల తిరుగుతోందని చెప్పిన తర్వాత అదే మొదటిసారి. "నాక్కూడ," అన్నాను.

ఆ సాయంత్రం మేం రోడ్డు దాటలేదు. ఇంటి వైపు తిరిగాం. బండ్లు కుడివైపు నుంచి వస్తాయి కాబట్టి నేను ఆ పక్క నడవాలి. ఆ పక్క నడిస్తే ఆయనకు కనిపించను. కాస్త దూరం పోయాక తల తిప్పి నన్ను చూశాడు. ఇంకాస్త దూరం పోయాక మళ్లీ చూశాడు. తర్వాత మరిచిపోయి, నేను లేననుకున్నాడేమో, నడి వీధిలో ఆగిపోయి ఎడమ చెయ్యి గాలిలో చాపాడు. నేను ఎడమవైపుకు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాను.